సంస్కృతి ఎవరి శ్రమ?

ఒక సమాజం పరాయి దేశంలో నూటముప్పయ్యేళ్లకు పైగా తన భాషనూ, పండుగలనూ, వంటలనూ నిలబెట్టుకుందంటే మనం మెచ్చుకుంటాం. నిలబెట్టింది ఎవరు, అందుకు వాళ్లు చెల్లించిన మూల్యమేమిటి అని మాత్రం అరుదుగా అడుగుతాం. కెనడాలోని ఉక్రెయిన్ సంతతి ప్రజల చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా దండయాత్ర మొదలైనప్పుడు, అక్కడ వైద్యవిద్య చదువుతున్న పిల్లల కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు తల్లడిల్లాయి. ఆ దేశంతో మన పరిచయం చాలావరకు అక్కడితో ఆగిపోయింది. ఆ దేశపు స్త్రీల కథ ఆగలేదు.

ఉక్రెయిన్ రైతులు కెనడాకు వలస వెళ్లడం 1891లో మొదలైంది. అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న గలీసియా, బుకోవినా ప్రాంతాల్లో బతకడానికి సరిపడా భూమి లేక బయలుదేరినవాళ్లే ఎక్కువ. పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు ఇస్తామని కెనడా ప్రభుత్వం పిలిచింది. ఆ నేల అంతకుముందు అక్కడి ఆదివాసులది. దానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు పురుషులది. వితంతువుల వంటి కొద్దిమందికి తప్ప స్త్రీలకు ఆ అర్హత లేదు. మగవాళ్లు రైలుమార్గాల పనులకూ గనులకూ పోతే, రాళ్లు ఏరి, పొదలు కొట్టి, నేల సాగులోకి తెచ్చింది ఆడవాళ్లు. సాగు ఆమెది, పట్టా అతనిది. ఇది మనకు కొత్త సంగతి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఈ వలస ప్రజలు ‘శత్రుదేశీయులు’ అయ్యారు. 1914-20 మధ్య కెనడా 8,500 మందికి పైగా నిర్బంధించింది. వారిలో అత్యధికులు ఉక్రేనియన్లు. ఆ శిబిరాల్లో 81 మంది స్త్రీలు, 156 మంది పిల్లలు కూడా ఉన్నారు.

ఈ అవమానం తరవాతి దశాబ్దంలోనే, 1926లో, సస్కటూన్ నగరంలో కెనడా ఉక్రేనియన్ స్త్రీల సంఘం ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఒకరైన సవేలా స్టెచిషిన్ 1930లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందిన తొలి ఉక్రేనియన్ మహిళ. 1936లో ఈ సంఘమే మ్యూజియం స్థాపించింది. అమ్మమ్మల పెట్టెల్లో అణిగి ఉన్న కుట్టుపనిని, నేతను చరిత్రగా గుర్తించి భద్రపరిచింది. స్టెచిషిన్ 1957లో ప్రచురించిన ఉక్రేనియన్ వంటల పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది.

ఈ సంఘాలు స్త్రీలకు సభలు నడపడం, లెక్కలు చూడడం, నలుగురిలో మాట్లాడడం నేర్పాయి. అదే సమయంలో ‘మంచి ఉక్రేనియన్ తల్లి’ అనే చట్రాన్ని కూడా బిగించాయి. పిల్లలకు భాష రాకపోతే తప్పు తల్లిది. ఆడపిల్ల బయటివాణ్ణి చేసుకుంటే జాతికే నష్టం. చరిత్రకారిణి ఫ్రాన్సెస్ స్విరిపా 1993లో వచ్చిన తన పుస్తకానికి ‘వెడెడ్ టు ద కాజ్’ అని పేరు పెట్టారు. అంటే ఆశయాన్నే పెళ్లాడినవాళ్లు. జాతి అవసరాలే స్త్రీ ఎలా ఉండాలో నిర్ణయించిన తీరును ఆమె అందులో విశ్లేషించారు.

మాతృదేశానికి పంపే సాయం వెనక కూడా ఈ శ్రమే ఉంది. చర్చిల నేలమాళిగల్లోని వంటగదుల్లో వృద్ధ స్త్రీలు గుంపుగా కూర్చుని వరెనికీలు చేస్తారు. ఇవి మన కజ్జికాయల ఆకారంలో, లోపల బంగాళాదుంప కూరి ఉడికించే వంటకం. వీటి అమ్మకంతో చర్చిలు నడిచాయి, 2022 తరవాత యుద్ధ బాధితులకు డబ్బూ మందులూ వెళ్లాయి. మైనంతో గీతలు గీసి రంగుల్లో ముంచే ఈస్టర్ గుడ్లను, పిసాంకాలను, 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వారసత్వానికి గుర్తింపు వచ్చింది. దాన్ని తరతరాలుగా మోసిన చేతుల పని గంటలను ఎవరూ లెక్కించలేదు.

యుద్ధం మొదలవగానే 18-60 ఏళ్ల పురుషులు దేశం విడవకుండా ఉక్రెయిన్ ఆంక్ష పెట్టింది. అందువల్ల సరిహద్దు దాటినవాళ్లలో అత్యధికులు స్త్రీలు, పిల్లలే. కెనడా ప్రత్యేక పథకం కింద 2024 నాటికి దాదాపు 3 లక్షల మంది అక్కడికి చేరారు. వాళ్లకు దక్కింది శరణార్థి హోదా కాదు, మూడేళ్ల దాకా ఉండి పని చేసుకునే తాత్కాలిక అనుమతి. నర్సు తన వృత్తిలో కొనసాగాలంటే అక్కడి లైసెన్సు మళ్లీ తెచ్చుకోవాలి. ఒంటరి తల్లికి భాషా తరగతికి వెళ్లాలన్నా ముందు బిడ్డను చూసే మనిషి కావాలి. వేదిక మీద ఎంబ్రాయిడరీ చొక్కాలకు కొట్టే చప్పట్లు ఈ అవసరాలు తీర్చవు.

మాతృదేశానికి అండ అంటే నిధులు మాత్రమే కాదు. స్త్రీలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందంపై ఉక్రెయిన్ 2011లో సంతకం చేసి, పదకొండేళ్లు పక్కన పెట్టింది. యుద్ధం నడుస్తుండగానే 2022 జూన్‌లో ఆమోదించింది. ‘దేశం ఆపదలో ఉంది, మీ హక్కుల సంగతి తరవాత’ అనే వాదన ప్రతి పోరాటంలోనూ స్త్రీలు విన్నదే. ఆ వాదన నిలవదని ఈ ఆమోదం చూపింది.

విదేశాల్లో బతుకమ్మ పేర్చే, బొమ్మల కొలువు పెట్టే మన స్త్రీలను కూడా ఈ చూపుతోనే చూడాలి. భర్త వీసా మీద ఆధారపడి బతికే స్త్రీని సంస్కృతికి ప్రతినిధిగా పొగడడం తేలిక. ఆమె ఉద్యోగ హక్కు కోసం, హింస నుంచి బయటపడే దారి కోసం ఆ సంఘాలు ఎంత ఖర్చు పెడుతున్నాయో అడగడమే కష్టం. వలస స్త్రీల మధ్య పని చేసే ప్రతి సంస్థా ఉత్సవాల లెక్కల పక్కన ఈ లెక్క కూడా అడగాలి.