చిన్న జట్టు.. పెద్ద జట్టును కొట్టగలదా?

మీ చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయనుకోండి. ఒకటి పేరున్న పెద్ద కంపెనీది. రెండోది నలభై మంది పనిచేసే చిన్న సంస్థది. ‘జీతం కాస్త తక్కువే, కానీ మా దగ్గర పని బాగా నేర్చుకుంటారు’ అంటున్నారు చిన్న సంస్థవాళ్లు. నమ్మాలా, వద్దా?

ఈ ప్రశ్నను అమెరికా బేస్‌బాల్‌లో పెట్టి చూడండి. అక్కడ డబ్బు తక్కువున్న జట్లు పాతికేళ్లుగా కుర్రాళ్లను తయారుచేసుకునే పోటీలో నిలబడుతున్నాయి. అందులో ఎవరికెంత లాభమో చూస్తే మీ ఆఫర్ లెటర్ కూడా కొత్తగా కనిపిస్తుంది.

పర్సుకు పరిమితి లేదు

ఐపీఎల్‌లో అన్ని ఫ్రాంచైజీలకూ ఒకటే పర్సు. 2025 సీజన్‌కు ముందు జరిగిన మెగా వేలంలో అది జట్టుకు రూ.120 కోట్లు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ పద్ధతి లేదు. 30 జట్లున్నాయి, జీతాలకు గరిష్ఠ పరిమితి లేదు. ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, అంతే. ఉన్నవాళ్లు కట్టేస్తున్నారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2023 డిసెంబరులో షోహెయ్ ఒహ్తానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోకు 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. 2024, 2025ల్లో వరుసగా వరల్డ్ సిరీస్ టైటిల్ గెలిచింది డాడ్జర్సే.

మరి మిల్వాకీ, టాంపా బే, కాన్సస్ సిటీ లాంటి చిన్న మార్కెట్ల సంగతేంటి? పేరున్న స్టార్లను కొనలేవు. వాటికి మిగిలిన దారి ఒకటే.. స్టార్ కాకముందే పట్టుకోవడం.

ఆరేళ్ల కిటుకు

ఈ దారి పనిచేయడానికి కారణం ఒక రూల్. మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లాలంటే ఆరేళ్ల సర్వీసు పూర్తవ్వాలి. మొదటి మూడేళ్లు సాధారణంగా కనీస జీతానికి దగ్గర్లోనే ఉంటాడు. 2025లో ఆ కనీసం 7.6 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్లు మధ్యవర్తిత్వ పద్ధతిలో జీతం పెరుగుతుంది. అంటే బాగా ఆడే కుర్రాడు మొదటి ఏళ్లలో తన విలువలో చిన్న వంతుకే దొరుకుతాడు. చిన్న జట్టు బలమంతా ఈ తేడాలోనే ఉంది.

2002లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్లకు పైనే. లీగ్ దశలో రెండూ గెలిచింది సరిగ్గా 103 మ్యాచ్‌లు! ‘మనీబాల్’ సినిమా చూసినవాళ్లకు ఎవరూ పట్టించుకోని ఆటగాళ్లను గణాంకాలతో ఎంచుకున్న కథ గుర్తుంటుంది. అది నిజమే. కానీ ఆ ఏడాది అవార్డులు అందుకున్న పిచ్చర్ బ్యారీ జీటో, షార్ట్‌స్టాప్ మిగెల్ తెహాడా ఓక్లాండ్ తన దగ్గరే పెంచుకున్నవాళ్లు. కొన్నేళ్లకే ఇద్దరూ పెద్ద మొత్తాలకు వేరే జట్లకు వెళ్లిపోయారు.

టాంపా బే రేస్ మొదటి పదేళ్లలో తొమ్మిదిసార్లు డివిజన్‌లో ఆఖరున నిలిచింది. ఓడినందుకు డ్రాఫ్ట్‌లో ముందు వరుస దొరికింది. అలా వచ్చినవాళ్లే ఇవాన్ లాంగోరియా, డేవిడ్ ప్రైస్. 2008లో 97 మ్యాచ్‌లు గెలిచి, యాంకీస్‌నూ బోస్టన్‌నూ వెనక్కి నెట్టి వరల్డ్ సిరీస్‌కు చేరింది. ఆ తర్వాత స్టార్లు ఖరీదయ్యేలోపే వాళ్లను ఇచ్చేసి, బదులుగా మరో జట్టు కుర్రాళ్లను తెచ్చుకోవడం దానికి అలవాటైంది.

ఎక్కడ ఆగిపోతున్నారు?

ఇంతవరకూ బాగుంది. కానీ రేస్ రెండుసార్లు ఫైనల్‌కు వెళ్లినా టైటిల్ దక్కలేదు. 2025లో మిల్వాకీ బ్రూయర్స్ లీగ్ దశలో అందరికంటే ఎక్కువగా 97 మ్యాచ్‌లు గెలిచింది. సెమీస్ లాంటి సిరీస్‌లో మాత్రం డాడ్జర్స్ చేతిలో 4-0తో ఓడింది. సొంత కుర్రాళ్లతో 2015లో టైటిల్ కొట్టిన కాన్సస్ సిటీ రాయల్స్, ముఖ్యమైనవాళ్ల ఒప్పందాలు ముగిశాక 2018లో 104 మ్యాచ్‌లు ఓడింది. పిట్స్‌బర్గ్‌దైతే ఇంకో కథ. పాల్ స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్నాడు. జట్టు డివిజన్‌లో ఆఖరిది. ఒక్క కుర్రాడు మెరిస్తే సరిపోదు, చుట్టూ జట్టు కావాలి.

పైగా పెద్ద జట్లూ పాఠం నేర్చుకున్నాయి. వాల్‌స్ట్రీట్ నుంచి వచ్చి రేస్‌ను నిలబెట్టిన ఆండ్రూ ఫ్రీడ్‌మన్‌ను 2014లో డాడ్జర్సే తీసుకెళ్లింది. ఇప్పుడు వాళ్ల దగ్గర డబ్బూ ఉంది, కుర్రాళ్లను తయారుచేసే పద్ధతీ ఉంది. కాబట్టి జవాబు ఇదీ: చిన్న జట్టు పోటీలో ఉండగలదు, కొన్నేళ్లు పైచేయి కూడా సాధించగలదు. టైటిల్ మాత్రం అరుదు. వచ్చినా ఎక్కువ కాలం నిలవదు.

ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

అసలు ప్రశ్న ఇది. చవకగా దొరికే ఆ ఏళ్లు ఆటగాడివి. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఏలో ఆడేవాళ్ల కనీస జీతం 2023కు ముందు ఏడాదికి 17,500 డాలర్లే. మైనర్ లీగ్ ఆటగాళ్లు సంఘంగా ఏర్పడ్డాకే అది 35,800కు పెరిగింది. వాళ్లలో చాలామంది పై లీగ్ గడప తొక్కరు. లీగ్, ఆటగాళ్ల మధ్య ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. జీతాలకు పరిమితి పెట్టాలన్న వాదన మళ్లీ వినిపిస్తోంది. ఆటగాళ్ల సంఘం ఎప్పటినుంచో దీనికి ఒప్పుకోవడం లేదు. 1994లో ఇదే గొడవతో సమ్మె జరిగి వరల్డ్ సిరీసే రద్దయింది.

మీరేం చూసుకోవాలి?

చిన్న సంస్థలో చేరడం తప్పేమీ కాదు. పెద్దచోట బెంచీ మీద కూర్చునే రోజుల్లో ఇక్కడ మీకు నేరుగా పని దొరకొచ్చు. లాంగోరియాకు టాంపాలో దొరికింది అదే. అయితే సంతకం పెట్టేముందు మూడు విషయాలు అడగండి. మొదటి ఆరు నెలల్లో నేను చేసే పనేంటి, నేర్పేది ఎవరు? బాండ్ ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? రెండేళ్ల కిందట చేరినవాళ్లు ఇప్పుడు ఏ హోదాలో, ఎక్కడ ఉన్నారు?

మూడోదానికి హెచ్‌ఆర్ చెప్పే జవాబుతో సరిపెట్టుకోకండి. అక్కడ పనిచేసిన సీనియర్‌కు ఒక ఫోన్ కొట్టండి. నేర్పే సంస్థ అయితే, బయటకు వెళ్లినవాళ్లు కూడా మంచి స్థానాల్లోనే ఉంటారు. నేర్పుతామని చెప్పి తక్కువ జీతానికి పని చేయించుకునేదైతే, ఆ సంగతీ వాళ్లే చెబుతారు.