యూనిఫాం మీద జరీ ఎందుకమ్మా?

ముందే ఒప్పేసుకుంటాను, ఈ తప్పు మొదలుపెట్టింది నేనే.

మా అక్క కొడుకు పెళ్ళి. వాడు ఆర్మీలో నాయక్. అక్క వాళ్ళది ఉదయగిరి దగ్గర పల్లె. నేనుండేది సోమశిలలో. పెళ్ళికూతురు వాళ్ళది ఆత్మకూరు. ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచి మూడు ఊళ్ళ మధ్యా ఒకటే ఫోన్లు. చీరలు, నగలు, భోజనాలు అన్నీ తేలాయి గానీ, రిసెప్షన్‌లో అబ్బాయి ఏం వేసుకోవాలన్న దగ్గర అందరం ఆగిపోయాం.

"మిలిటరీ అబ్బాయి కదమ్మా, యూనిఫాంలో నిలబడితే ఫొటోలు అదిరిపోతాయి" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆడపెళ్ళివాళ్ళకీ అదే ముచ్చట. వాడి యూనిఫాం జత ఒకటి ఇంట్లోనే ఉంది. బీరువాలోంచి తీసి చూస్తే నాకు మరీ సాదాగా అనిపించింది. పెళ్ళికూతురి జాకెట్టుకి వేలు పోసి మగ్గం వర్క్ చేయిస్తున్నాం, పక్కన పెళ్ళికొడుకు ఇలా నిలబడితే ఏం బాగుంటాది?

ఇంకేముంది, బుర్ర పరుగులు తీసింది. కాలరుకీ, చేతుల అంచుకీ సన్నగా జరీ. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. జేబు మీద ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు. ఎడమవైపు వాళ్ళ నాన్న మెడల్స్. ఇవన్నీ చీటీ మీద రాసి, మగ్గం వర్క్ చేసే అమ్మాయికి ఇచ్చేముందు ఫొటో తీసి వాడికి వాట్సాప్‌లో పంపాను.

ఆ రాత్రి వీడియో కాల్ చేశాడు. కోప్పడలేదు. "పిన్నీ, దాని మీద ఏది పెట్టినా ఒక మాట రాసినట్టే. నేను చెయ్యనిది చేశానని నా ఒంటి మీద రాయొద్దు" అన్నాడు.

నాకు మొదట చిన్నతనం అనిపించింది. తర్వాత ఆలోచనలో పడ్డాను. ఆలోచించేకొద్దీ, నాలాంటి వాళ్ళం చాలామందిమి ఉన్నామని తెలిసింది. అందుకే రాస్తున్నాను.

మనం చీర కొంగు చూడగానే ఇది వెంకటగిరి, ఇది ఉప్పాడ అని చెప్పేస్తాం. పక్కింటావిడ మెళ్ళో గొలుసు ఎన్ని కాసులో దూరం నుంచే లెక్కకడతాం. యూనిఫాం చదవడం మాత్రం మనకి రాదు. ఇరవై ఏళ్ళు ఉతికి ఇస్త్రీ చేసిన ఇళ్ళల్లో కూడా రాదు.

చదివితే అందులో ఎంత ఉందో చూడండి. చేతి మీద బాణం మొనలాంటి గీత ఒకటి ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య కొన్నేళ్ళ ఎండ, మంచు, ఇంటికి రాని సంక్రాంతులు ఉంటాయి. ఛాతీ మీది రంగురంగుల రిబ్బన్లు అందానికి పెట్టినవి కావు. 9 ఏళ్ళు పనిచేస్తే ఒకటి, 20 ఏళ్ళకి ఒకటి, 30 ఏళ్ళకి ఒకటి. ఎత్తైన కొండల్లో పనిచేసినవాళ్ళకి వేరే, సియాచిన్‌లో ఉన్నవాళ్ళకి వేరే. అవి ఏ వరసలో ఉండాలో దానికీ ఒక పద్ధతి ఉంది.

సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారు మీకు గుర్తుండే ఉంటారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ప్రాణాలు వదిలారు. 2021 నవంబరులో ఆయనకిచ్చిన మహావీర చక్ర అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళింది ఆయన తల్లీ, భార్యా. ఆ మెడల్ రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ రంగు. బజారుకెళితే ఆ రంగుల రిబ్బను మూర కొలిచి ఇస్తారు. 'భలే మ్యాచ్ అయింది' అని మనం దాన్ని పెళ్ళికొడుకు జేబు మీద కుట్టించామనుకోండి, ఆ తల్లి చూస్తే ఏమనుకోవాలి?

ఇంకో సంగతి. ఈ మెడల్స్ మనకి పరాయివి అనుకోవద్దు. పరమవీర చక్ర రూపం గీసింది ఒక ఆర్మీ ఆఫీసరు భార్య, సావిత్రి ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, మన ఆఫీసర్ని పెళ్ళాడి, మన పురాణాలు చదువుకున్న మనిషి. దధీచి మహర్షి తన ఎముకలిస్తే ఇంద్రుడికి వజ్రాయుధం అయిన కథ మనకి తెలిసిందే. ఆ వజ్రాయుధాన్నే నాలుగు వైపులా పెట్టింది ఆమె. మొదటి పరమవీర చక్ర వచ్చింది మేజర్ సోమనాథ్ శర్మకి, చనిపోయాక. ఆయన ఎవరో కాదు, సావిత్రి గారి పెద్దమ్మాయికి స్వయానా బావగారు. తను గీసిన మెడల్ మొట్టమొదట తన వియ్యాలవారింటికే వెళ్ళింది. ఒక ఆడమనిషి ఇంత ఆలోచించి గీసిన దాని పక్కన నా జరీ అంచు ఏపాటిది?

ఇక నేను విన్న వాదనలు.

"వాడు నిజం సైనికుడే కదా, వాడి యూనిఫాం వాడి ఇష్టం" అన్నారు మా ఆడపడుచు. చీర నాది, నా ఇష్టం. యూనిఫాం అలా కాదు. లక్షల మంది ఒకే బట్ట వేసుకుంటారు. ఒకడు తన జేబు మీద అదనంగా ఒక పువ్వు కుట్టించుకుంటే, పక్కవాడు నిజంగా సంపాదించుకున్న గుర్తు విలువ తగ్గుతుంది.

"ఆఫీసర్ల పెళ్ళిళ్ళలో కత్తులు ఎత్తి పట్టుకుంటారు, విందులకి వాళ్ళకి వేరే డ్రస్సు, చిన్న మెడల్స్ ఉంటాయి కదా" అన్నారు ఇంకొకరు. నిజమే. ఆ డ్రస్సూ, ఆ చిన్న మెడల్సూ కూడా వాళ్ళ పద్ధతిలో రాసిపెట్టి ఉన్నవే. ఇంటి దగ్గర టైలరు సొంతంగా కనిపెట్టినవి కావు.

అసలు బాధ ఇక్కడే ఉంది. మన మెట్ట పల్లెల నుంచి సైన్యంలోకి వెళ్ళే పిల్లల్లో ఎక్కువమంది జవాన్లే. పెళ్ళి వేదిక మీద మనం వాళ్ళ భుజాలకి కుచ్చులు కడుతున్నామంటే, వాళ్ళని ఒక మెట్టు పైకెక్కించి చూపించాలనే. అంటే నాయక్ అయితే చాలదని చెబుతున్నాం. వాడికి కాదు చిన్నతనం, మనకి. ఆ చీటీ రాసినప్పుడు నా మనసులో ఉన్నదీ అదేనని ఇప్పుడు తెలుస్తోంది. వియ్యాలవారి బంధువుల్లో ఇంజినీర్లున్నారు, అమెరికా వాళ్ళున్నారు. వాళ్ళ ముందు మావాడు తళతళలాడాలి! రెండు గీతల కోసం వాడు పడ్డ కష్టాన్ని రెండు గజాల జరీ కింద దాచబోయాను.

సైన్యంతో సంబంధం లేని పిల్లలు ప్రీవెడ్డింగ్ షూట్ల కోసం మిలిటరీ డ్రస్సు అద్దెకి తెచ్చుకోవడం గురించి ఒక్క మాట. సైనికుడు కానివాడు, సైనికుడే అని నమ్మించే ఉద్దేశంతో ఆ బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలో, 2,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడొచ్చు. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత ఆ రకం బట్టలు వేసుకోవద్దు, అమ్మొద్దు అని ఆర్మీయే అడిగింది. 2022 ఆర్మీ డే నాడు చూపించిన కొత్త మచ్చల యూనిఫాం డిజైన్‌ని తన పేరున రిజిస్టరు కూడా చేయించుకుంది. బళ్ళో ఫ్యాన్సీ డ్రస్సు పోటీకి నాలుగేళ్ళ పిల్లాడు సిపాయి వేషం వేస్తే ఎవరూ తప్పుపట్టరు. ముప్పై ఏళ్ళవాడికి ఆ ముచ్చట వద్దు.

మళ్ళీ మా పెళ్ళి దగ్గరికొస్తాను. నా చీటీలో ఆఖరిది, బావగారి మెడల్స్.

మా బావగారు కూడా సైన్యంలోనే చేసేవారు, డ్యూటీలో ఉండగానే పోయారు. ఆయన మెడల్స్ అక్క ట్రంకు పెట్టెలో, పాత చీర ముక్కలో చుట్టి ఉంటాయి. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక అక్క వాటిని తీసింది. "అంచు చూడు మే" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మెడల్ అంచు చుట్టూ సన్నని అక్షరాలు. ఆయన నంబరు, ర్యాంకు, పేరు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

పేరు కుట్టించాలని నేను తెగ ఆరాటపడ్డాను. పేరు ఎప్పుడో చెక్కేసి ఉంది, ఎవరిదో వాళ్ళదే. కొడుకైనా సరే దాన్ని తనదిగా ఎడమవైపు పెట్టుకోకూడదు. చనిపోయినవాళ్ళ మెడల్స్‌ని, వీరులకి అంజలి ఘటించే సభల్లో, ఇంటివాళ్ళు కుడివైపు పెట్టుకుంటారు. ఇవి నావి కావు, నా మనిషివి అని దాని అర్థం.

పెళ్ళికి ముందురోజు మా బంధువుల్లో ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. "మెడల్స్ స్టేజీ మీద అందరికీ కనపడేట్టు పెట్టండి, బాగుంటాది. మీ అక్కని మాత్రం కాస్త వెనక కూర్చోమను, శుభకార్యం కదా" అంది.

నేను జీవితంలో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పింది తక్కువ. ఆ రోజు చెప్పాను. "ఆయన మెడల్స్ కావాలి గానీ, ఆయన భార్య పనికిరాదా పెద్దమ్మా?" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. నేనూ ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ ముఖం చూడలేకపోయాను. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

పెళ్ళిలో మావాడు పట్టుపంచె కట్టుకున్నాడు. రిసెప్షన్‌కి మామూలు సూటు. యూనిఫాం బీరువాలోనే ఉంది. హాలు గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసి, బావగారి ఫొటో, అద్దం పెట్టెలో మెడల్స్ పెట్టాం. ఏ మెడల్ ఎందుకిచ్చారో వాడే తెలుగులో చీటీలు రాశాడు. భోజనాలకి పిలుస్తున్నా పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. శుభలేఖలో వాడి పేరు ముందు 'నాయక్' అనే వేయించాం. వచ్చినవాళ్ళకి ఉదయగిరి చెక్క గరిటెలు పంచాం. అక్క లేత పసుపు వెంకటగిరి చీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. మొదటి అక్షింతలు ఆవిడే వేసింది. ఫొటోగ్రాఫర్ కూడా ఆ ఫొటోనే ఆల్బం మొదటి పేజీలో పెట్టాడు.

మీ ఇంట్లో సైనికుడుంటే ఈసారి సెలవుకి వచ్చినప్పుడు ఆ యూనిఫాం ముందు కూర్చోబెట్టి, ఒక్కో గుర్తూ దేనికో అడగండి. చెబుతుంటే వాళ్ళ గొంతు ఎలా మారుతుందో వినండి. సూదీ దారం మాత్రం తీయకండి. గుండీ ఊడితే తప్ప.