లాల్చీ చాటున అర కిలో!

మే నెల. మిర్యాలగూడ దగ్గర మా మేనమామ ఇంట్లో పెళ్లి. నల్లగొండ ఎండల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! పందిట్లో కూలర్లు కూడా వేడిగాలే కొడుతున్నాయి. మామ వంగి పెద్దవాళ్లకు మంచినీళ్లు అందిస్తున్నాడు. పల్చటి తెల్ల లాల్చీ చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుడివైపు నడుము మీద ఏదో ఉబ్బెత్తుగా కనపడుతోంది. నాలుగేళ్ల మనవరాలు పరుగెత్తుకొచ్చి వేలితో పొడిచింది.

"తాతా, గిదేంది?"

పందిట్లో పదిమంది ఇటు తిరిగారు. మామ మొహం ఎర్రబడింది. అది ఆయన లైసెన్సు రివాల్వరు.

సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడా, పేపర్ల పనిచేస్తవు గదా. ఎండకాలానికి చిన్నదేదన్న ఉంటె చెప్పరాదు? దీనికి తోడు ఇంకోటి తీసుకుంట."

అక్కడ మొదలైంది నా వెతుకులాట.

ముందుగా తెలిసిందేమిటంటే... మామ సిగ్గుపడ్డది మాట పోతుందని. కానీ విషయం లైసెన్సు దాకా పోతుంది. ఆయుధ నియమాలు-2016 ప్రకారం పిస్టలో రివాల్వరో బయటికి తీసుకెళితే ఒంటికి కట్టుకున్న ఒరలోనో, దానికి తగ్గ సంచీలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మనిషి అదుపులో ఉండాలి. నలుగురిలో తీసి ఆడించకూడదు. తప్పితే లైసెన్సు రద్దు చేయొచ్చు. అంటే దాచుకోవడం ఇక్కడ సోకు కాదు, చట్టం!

ఇక చిన్నవాటి సంగతి. 9 ఎం.ఎం. లాంటి పోలీసు బోర్లు మనలాంటి వాళ్లకు దొరకవు. విదేశీ సరుకు దిగుమతి 1980ల్లోనే ఆగిపోయింది. అప్పటి పాతవి చేతులు మారుతుంటాయి గానీ ధర లక్షల్లో పలుకుతుంది. మిగిలినవి ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలవే.

మామ దగ్గరున్నది వాళ్లు చేసిన .32 రివాల్వరు. ఆరు తూటాలు, ముప్పావు కిలోకు కాస్త తక్కువ. 2014లో కాన్పూరు నుంచి 'నిర్భీక్' వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్ల కోసమని తెచ్చారు. అదే .32 బోరు, అవే ఆరు తూటాలు. టైటానియం మిశ్రలోహంతో చేయడంతో బరువు అర కిలోకు దిగింది. అప్పటి ధర లక్షా 22 వేల పైచిలుకు. తర్వాత 'నిడర్' వచ్చింది. .22 బోరు, ఎనిమిది తూటాలు, బరువు పావు కిలో! 2023లో వచ్చిన 'ప్రబల్'కు దూరం ఎక్కువ, కానీ బరువూ ఎక్కువే. వేసవికి అది లెక్కలోకి రాదు.

.32లోనే 'అశని' పిస్టలుంది. పల్చగా ఉంటుంది కాబట్టి చొక్కా కింద రివాల్వరు కంటే తక్కువ ఉబ్బుతుంది. అయితే రెండు జాగ్రత్తలు. రివాల్వరు తూటా, పిస్టలు తూటా రెండూ .32 అన్నా ఒకటి కాదు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వాడేది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. పిస్టలు మేగజీన్ తీసేసినా లోపల గదిలో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. "ఖాళీదే" అనుకుని నొక్కినవాళ్లు ప్రాణాలు తీసిన సంఘటనలు ఎన్ని చదవలేదు మనం!

చిన్నదైతే అన్నీ సుఖమే అనుకోకండి. తేలికైన కొద్దీ అదే తూటా చేతిని గట్టిగా తంతుంది. గొట్టం పొట్టిదైతే గురి కుదరడం కష్టం. .22 తన్నదు గానీ దెబ్బలో బలం తక్కువ. చెమటలో ఉప్పుంటుంది. నడుముకు అంటుకున్న లోహం వారం తుడవకపోతే తుప్పు మొదలవుతుంది. తోలు ఒర చెమట పీలుస్తుంది. రాత్రి ఇంటికొచ్చాక పొడిగుడ్డ, చుక్క నూనె తప్పవు. లాల్చీ జేబులో తాళాలు, చిల్లరతో కలిపి వేసుకోవడం మాత్రం ఎన్నటికీ పనికిరాదు. మన నాయకుల వెంట గన్‌మెన్ ఇంత ఎండలోనూ సఫారీ ఎందుకేస్తారో గమనించారా? మందపాటి గుడ్డ, ముదురు రంగు, బయటికి వదిలిన చొక్కా. అదీ కిటుకు!

ఇదంతా మామకు చెప్పాను. 'నిర్భీక్' నచ్చింది. కానీ అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఇంట్లో తాతగారి కాలం నాటి పన్నెండు బోరు తుపాకీ ఉంది. చేలో పందుల బెడదకు తాత తీసుకున్నది. 2019 చట్ట సవరణతో మనిషికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది. మామకు రెండూ నిండాయి. చిన్నది కావాలంటే ఒకటి వదులుకోవాలి. రివాల్వరు వదలడానికి మనసు రాదు. తాత తుపాకీ డీలరుకిచ్చేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోదు. "మీ నాయన యాది అదొక్కటే ఉన్నది" అంటుంది.

నేనో మాటడిగాను. "మామా, అసలు రివాల్వరు ఎందుకు తీసుకున్నవ్?"

"అప్పుడు అన్నలుండె గదరా" అన్నాడు.

నిజమే. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు మంత్రి మాధవరెడ్డి బలయ్యారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని కాల్చి చంపారు. ఆ రోజుల్లో నల్లగొండ, పాలమూరుల్లో కాస్త పేరున్నవాళ్లకు నిద్ర ఉండేది కాదు. కానీ భద్రత ఉన్న ఆ ఇద్దరినే అది కాపాడలేదు. నడుముకున్న ఆరు తూటాలు ఏం చేస్తాయి? మామ జవాబు చెప్పలేదు. పైగా ఎన్నికలొస్తే తుపాకులు ఠాణాలో జమ చేయమంటారు. 2024లో మనకు పోలింగ్ జరిగింది మే 13న. అంటే నడి వేసవిలో!

చివరికి ఒక పరీక్ష పెట్టాను. "కొనేముందు అర కిలో బియ్యం గుడ్డలో మూటగట్టి వారం రోజులు నడుముకు పెట్టుకో. మిల్లుకు, బ్యాంకుకు, పెళ్లిళ్లకు... ఎక్కడికి పోయినా తీయకూడదు."

మిల్లు ఓనరుకు బియ్యం కొదవా! నవ్వుతూనే కట్టుకున్నాడు. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు నడుము మీద చెమటకాయలు లేచాయి. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"మూట ఉన్నదా మామా?"

అవతల కాసేపు మాటలేదు.

"కార్ల పెట్టిన రా."

"కారెక్కడుంది?"

"బయట... పొల్లగాండ్లు ఆడుకుంటున్నరు అందుల."

ఇద్దరం మాట్లాడలేదు. ఆ మూటలో ఉన్నది బియ్యం కాబట్టి సరిపోయింది.

మామ కొత్తదానికి దరఖాస్తు పెట్టలేదు. రివాల్వరు ఇనప్పెట్టెలోకి వెళ్లింది, తూటాలు వేరే అరలోకి. తాళం చెవి అత్తమ్మ కొంగుకు. మిల్లు డబ్బు ఇప్పుడు బ్యాంకులోంచి బ్యాంకులోకే పోతోంది. తాత తుపాకీ ఉన్నచోటే ఉంది.

మీకూ లైసెన్సుండి, వేసవికి చిన్నది కావాలనిపిస్తే బరువు, బోరు, ధర చూడండి. వద్దనను. కానీ ముందు అర కిలో బియ్యం మూట కట్టుకోండి. మూడో రోజు అదెక్కడుందో చూసుకోండి.