ప్రొటీన్ టార్గెట్: యాప్ చెప్పిందా, మీరు పెట్టుకున్నారా?

ఏం తింటున్నామో ఫోన్‌లో రాసుకోవడం మంచి అలవాటే. చిక్కల్లా మొదటి రోజే మొదలవుతుంది. వయసు, ఎత్తు, బరువు అడిగిన యాప్ చివర్లో ‘రోజుకు 150 గ్రాముల ప్రొటీన్’ అని ఓ అంకె పడేస్తుంది. ఎంత తిన్నా రాత్రికి 45 దాటదు. రోజూ ఆ ఎర్ర గీత చూసి విసుగొచ్చి కొందరు రెండో వారానికే యాప్ తీసేస్తారు. ఇంకొందరు ఇంటి నుంచి వచ్చిన డబ్బంతా పెట్టి పౌడర్ డబ్బా కొనేస్తారు. ఆ రెండు పనులకూ ముందు, అసలు ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి.

చాలా యాప్‌లు ప్రొటీన్‌ను మొత్తం క్యాలరీల్లో శాతంగా లెక్కేస్తాయి. గ్రాము ప్రొటీన్‌కి 4 క్యాలరీలు. 2,000 క్యాలరీల్లో 30 శాతం అంటే 600 క్యాలరీలు, అంటే 150 గ్రాములు. ఇందులో మీ బరువు ప్రస్తావనే లేదు! పైగా సన్నబడదామని క్యాలరీలను 1,400కి దించితే ప్రొటీన్ టార్గెట్ కూడా 105కి పడిపోతుంది. నిజానికి తిండి తగ్గించినప్పుడు కండ కరిగిపోకుండా ఉండాలంటే ప్రొటీన్ తగ్గకూడదు. అందుకే సెట్టింగ్స్‌లో శాతం తీసేసి గ్రాములు పెట్టుకోండి. మీ యాప్‌లో ఆ వీలు లేకపోతే టార్గెట్‌ని పట్టించుకోకుండా, రోజు చివర వచ్చే గ్రాముల మొత్తం మాత్రం చూసుకోండి.

మరి ఎన్ని గ్రాములు? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాములు. 60 కిలోలుంటే దాదాపు 50 గ్రాములన్నమాట. జిమ్‌లో వారానికి మూడు నాలుగు రోజులు బరువులు ఎత్తేవాళ్లు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల మధ్య పెట్టుకోవచ్చు. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 96. మొదట 72 చాలు, అది అలవాటయ్యాక పెంచడం గురించి ఆలోచించొచ్చు.

ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. రీల్స్‌లో వినిపించే ‘ఒక గ్రాము’ లెక్క చాలాసార్లు పౌండుకి చెప్పింది. కిలోకి మారిస్తే అది 2.2 గ్రాములవుతుంది. రెండోది, బరువు బాగా ఎక్కువున్నవాళ్లు ఇప్పుడున్న బరువుతో కాకుండా, తమ ఎత్తుకి ఉండాల్సిన బరువుతో లెక్కేసుకోవాలి.

ఇప్పుడు హాస్టల్‌లో ఉండే 60 కిలోల కుర్రాడి పళ్లెం చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు 6 గ్రాములు, పల్లీ చట్నీలో 20 గ్రాముల పల్లీలకి 5. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం వండిన అన్నానికి 12, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పుకి 6, కప్పు పెరుగుకి 5. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలకి 6. రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నానికి 8, రెండు గుడ్ల కూరకి 12, గ్లాసు పాలకి 6. మొత్తం 66!

ఇందులో గుడ్లు, పల్లీలు, శనగలు తీసేయండి. 43కి పడిపోతుంది, అంటే 50 కూడా లేదు. చాలామంది ఇరుక్కుపోయేది ఇక్కడే. ఆ 23 గ్రాముల తేడాకి డబ్బాలు అక్కర్లేదు, కిరాణా కొట్టు చాలు. గుడ్డు తినని వాళ్లకి 25 గ్రాముల మీల్ మేకర్‌తో దాదాపు 13 గ్రాములు వస్తాయి. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని అదే పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ చెప్పింది.

పై లెక్కలో అన్నం వాటా 20 గ్రాములు. ‘అన్నం మానేస్తే ఫిట్ అయిపోతాం’ అనుకునేవాళ్లు ఇది గమనించాలి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువుండే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. పప్పన్నం ఊరికే పుట్టలేదు.

యాప్‌లో రాసేటప్పుడు పచ్చిదా, వండిందా అన్నది తప్పక చూడండి. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాములుంటే, 100 గ్రాముల అన్నంలో రెండున్నరే. ‘దాల్, ఒక కప్పు’ అని కనిపించేది గట్టి పప్పు కావచ్చు, మీ మెస్‌లో పోసేది నీళ్ల సాంబారు కావచ్చు. ఒక్కసారి వంటాయన్ని ‘ఎంతమందికి ఎన్ని కిలోల పప్పు వేస్తారన్నా?’ అని అడిగితే అసలు లెక్క తేలిపోతుంది.

రోజువారీ అంకె అటూ ఇటూ అయినా కంగారు వద్దు. వారం సగటు చూసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా టార్గెట్ మార్చొద్దు. ముద్ద ముద్దకీ లెక్క గుర్తొచ్చి భయమేస్తుంటే కొన్నాళ్లు యాప్ పక్కన పెట్టేయండి.

ఈ వారం టార్గెట్ పెట్టుకోకుండా మామూలుగా తినేదే ఏడు రోజులు రాయండి. వచ్చిన సగటుకి 10 గ్రాములు కలిపి, దాన్నే మొదటి టార్గెట్ చేసుకోండి. దానికి కావాల్సింది ఒక గుడ్డు, చిన్న గుప్పెడు పల్లీలు.