అప్పీలు ఎందుకనేవాళ్లకు

"శిక్ష పడ్డాక ఇంకా అప్పీలేమిటండీ, ఉరి తీసెయ్యక?" ఈ మాట అనేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. దేవుడికి రుజువు చూపించమని సభల్లో నిలదీసే మన హేతువాద మిత్రులు కూడా కొందరు, అత్యాచారం కేసు పేపర్లో పడగానే రుజువు సంగతి పక్కనపెట్టి ఎన్‌కౌంటర్ చెయ్యాలంటున్నారు. బాబా గాల్లోంచి విభూతి తీస్తే ముందు చేతులు చూపించమంటాం. పోలీసు గాల్లోంచి నిందితుణ్ణి తీస్తే చప్పట్లు కొడతాం. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాదు.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరు 27న ఒక ఫార్మసీ విద్యార్థినిని దారుణంగా చంపారు. ఆ అమ్మాయి పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. అత్యాచార బాధితుల పేరు రాయకూడదని చట్టం చెబుతోంది కాబట్టి నేను రాయను. ఎనిమిది నెలల తర్వాత 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు 2010 సెప్టెంబరులో యావజ్జీవం వేసింది. డీఎన్‌ఏ కలిసిందన్నారు. డీఎన్‌ఏ అనేసరికి మనం నోరు మూసుకుంటాం, సైన్సు కదా అని.

హైదరాబాదు హైకోర్టులో జస్టిస్ సి.వి.నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె.జైస్వాల్ ఆ అప్పీలు విని 2017 మార్చి 31న అతన్ని నిర్దోషిగా విడుదల చేశారు. ఆ డీఎన్‌ఏ సాక్ష్యం నమ్మదగ్గది కాదన్నారు. లక్ష రూపాయలు పరిహారం ఇమ్మన్నారు. ఎనిమిదేళ్లకు పైగా జైలు, లక్ష రూపాయలు. లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి భాగించి చూశాను, రోజుకి ముప్ఫై రెండు రూపాయలు కూడా పడదు.

"డీఎన్‌ఏ సైన్సు కాదా?" అని అడగొచ్చు. సైన్సే. కానీ యంత్రం చెప్పేది ఈ గొట్టంలోదీ ఆ గొట్టంలోదీ ఒకటేనని మాత్రమే. ఈ గొట్టంలోకి అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు సీలు వేశారు, మధ్యలో ఎవరి చేతుల్లో ఉంది అన్నది యంత్రం చెప్పదు. అది కాగితాలు చెప్పాలి. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, చదివింది బీకాం, లా కాదు. కానీ ఈ విషయం అర్థం కావడానికి లా అక్కర్లేదు. బిల్లులో కూడిక సరిగ్గా ఉన్నంత మాత్రాన సరుకు స్టోరుకి వచ్చినట్టు కాదు. సరుకు దిగినట్టు ఎవరు సంతకం పెట్టారో, ఏ తేదీన పెట్టారో చూడాలి. ఆ సంతకం అడిగినవాణ్ణి కాంట్రాక్టరు మనిషి అనరు. హైకోర్టులో అదే అడిగిన న్యాయవాదిని మాత్రం రేపిస్టుల మనిషి అంటాం.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2018 నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. అప్పటికే తేలిన సంగతి ఏమిటంటే, ఆ కేసు రికార్డులు విజయవాడ కోర్టులో నాశనమైపోయాయి. దానిమీద కూడా దర్యాప్తు చెయ్యమన్నారు. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చెయ్యవలసి వచ్చింది. మా డిపార్టుమెంటులో ఒక వోచరు మీద ఆడిట్ అభ్యంతరం తేలకుండా ఉంటే, గడువు తీరినా సరే, ఆ వోచరును తగలబెట్టడానికి వీల్లేదు. మూడువందల రూపాయల ప్రయాణ భత్యం బిల్లుకి ఉన్న రక్షణ ఒక ఆడపిల్ల హత్య కేసు రికార్డులకి లేకపోయింది! ఉరి ఉరి అని అరిచినవాళ్లలో ఒక్కడైనా ఈ సంగతి మీద కోర్టు ముందు నిలబడి అడిగాడా?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఎందుకంటే "చూశారా, అన్నీ తప్పుడు కేసులే" అని ఈ కథను జేబులో వేసుకుని పోయేవాళ్లు కూడా తయారుగా ఉంటారు. విశాఖ మన్యంలో వాకపల్లి. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ ఆపించాలని నిందితులు పైకోర్టుల చుట్టూ తిరిగారు. 2017లో సుప్రీంకోర్టు 13 మంది మీద విచారణ జరగవలసిందేనంది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు అందరినీ విడుదల చేసింది. కారణం ఆ స్త్రీలు అబద్ధమాడారని కాదు. దర్యాప్తు అధికారులు చెయ్యవలసిన పని చెయ్యలేదని. నిందితులను గుర్తుపట్టించే పరేడ్ కూడా పెట్టలేదు. బాధితులకు పరిహారం ఇమ్మని కోర్టు చెప్పింది. అంటే కేసు పోయింది, పరిహారం వచ్చింది. పరిహారం ఇమ్మన్న కోర్టుకే నేరగాడు దొరకలేదు. ఇబ్రహీంపట్నంలో దొరికినవాణ్ణి ఇరికించారు, ఇక్కడ తమవాళ్లను పట్టించుకోలేదు. చూడటానికి రెండూ ఎదురెదురు కథల్లా ఉన్నాయి గానీ జబ్బు ఒక్కటే, సాక్ష్యం సేకరించడం ఒక పని అని పోలీసు అనుకోకపోవడం.

అన్నట్టు ఈ వాకపల్లి వైపే ఒకప్పటి రంపా పితూరీ. ఆ పితూరీదార్లలో కొందర్ని తెచ్చి పడేసింది మా అండమాన్‌లోనే. శిక్ష కోసమే తెల్లవాడు కట్టిన ఊరిది. ఇక్కడ సెల్యులర్ జైలు చూడటానికి వచ్చే తెలుగు యాత్రికులు, కఠినశిక్ష వేస్తే నేరం ఆగుతుందని ఆ జైలు గోడల మధ్యే నిలబడి నాతో వాదించడం తమాషాగా ఉంటుంది. ఆగేదయితే సముద్రం మీద అన్నేళ్లపాటు ఓడ మీద ఓడ ఖైదీలతో ఎందుకు వచ్చిందట?

మా దీవులకు సొంత హైకోర్టు లేదు. కలకత్తా హైకోర్టే మాకూ హైకోర్టు, దాని సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) కూర్చుంటుంది. కాబట్టి ఆ హైకోర్టు తీర్పులు నాకు పరాయివి కావు. 2023 అక్టోబరులో ఆ కోర్టు బెంగాల్‌కు చెందిన ఒక పోక్సో అప్పీలులో, 14 ఏళ్ల పిల్లతో కాపురం పెట్టిన 25 ఏళ్లవాడి శిక్షను కొట్టేస్తూ, ఆడపిల్లలు కోరికలు అదుపులో పెట్టుకోవాలని ఉపన్యాసం కూడా ఇచ్చింది. అప్పీలులో చూడవలసింది సాక్ష్యం. ఆడపిల్లల శీలం మీద ప్రవచనం ఎవరడిగారు? 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి నేరాన్ని మళ్లీ ఖాయం చేసింది. శిక్ష సంగతి మాత్రం వెంటనే తేల్చకుండా, ఆ అమ్మాయి పరిస్థితి తెలుసుకోవడానికి ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ కనుక్కుంటే తెలిసింది, అప్పటికి పెద్దదై ఒక బిడ్డకు తల్లయిన ఆమెను నేరం కన్నా ఎక్కువ బాధపెట్టింది పోలీసూ కోర్టూ ఖర్చులూ అప్పులేనని. 2025 మేలో సుప్రీంకోర్టు, నేరం నేరమే గానీ ఇతను జైలుకి పోనక్కర్లేదంది. నాకు ఆ ముగింపు పూర్తిగా మింగుడుపడలేదు. ఇది చూసి రేపు ప్రతివాడూ "మేం కాపురం చేసుకుంటున్నాం" అంటాడు. కానీ ఊహించి కాకుండా అడిగి తెలుసుకుని శిక్ష తేల్చిన ఆ పద్ధతి ఉందే, అది నాకు నచ్చింది.

అడిగి తెలుసుకోవడమంటే ఎవరినైనా అడగమని కాదు సుమా. 2023 మేలో అలహాబాదు హైకోర్టు, పెళ్లి చేసుకుంటానని నమ్మించాడన్న అత్యాచారం కేసు బెయిలులో, ఆ అమ్మాయికి కుజదోషం ఉందో లేదో మూడు వారాల్లో చెప్పమని లక్నో విశ్వవిద్యాలయం జ్యోతిష విభాగానికి రాసింది. సీల్డు కవర్లో! సుప్రీంకోర్టు సెలవుల్లో, శనివారం పూట కూర్చుని జూన్ 3న దాన్ని ఆపింది. మనం నవ్వుకున్నాం, వ్యాసాలు రాశాం. అలాంటిదే రెండు వేళ్ల పరీక్ష. ఏ శాస్త్రమూ లేని ఆ పరీక్షను సుప్రీంకోర్టు 2013లో తప్పని చెప్పింది. 2022 అక్టోబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. దానిమీద మనం ఎన్ని వ్యాసాలు రాశాం? జాతకం మీద రాయడం సులువు. డాక్టరు చేతి తొడుగు వేసుకుని చేసే మూఢనమ్మకం మనకి మూఢనమ్మకంలా కనపడదు.

దిశ కేసులో నలుగుర్ని 2019 డిసెంబరు 6న కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లారు. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లనీ. ఆ నలుగురే నేరం చేశారేమో. చేసే ఉండొచ్చు. ఆ రుజువు ఏ కోర్టులోనూ పరీక్షకు నిలబడలేదు, ఇక నిలబడదు కూడా.

ఇదంతా చెబితే చివరికి ఒకటే ప్రశ్న వస్తుంది: "మీ ఇంట్లో జరిగితే ఇలాగే మాట్లాడతారా?" నా ఇల్లు వదిలెయ్యండి. ఇబ్రహీంపట్నం అమ్మాయి తల్లిదండ్రుల ఇంట్లో జరిగింది. ఊరంతా దొంగ దొరికాడని ఊపిరి పీల్చుకున్న రోజు నుంచీ, సత్యంబాబు కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారని వాళ్లే అంటూ వచ్చారు. కింది కోర్టు శిక్ష వేశాక కూడా అన్నారు. సమాధి తవ్వుతామంటే కూతురి కోసం దానికీ ఒప్పుకున్నారు. వాళ్లను ఎవరూ రేపిస్టుల మనుషులనలేదు, కానీ వాళ్లడిగిన మనిషిని ఇంతవరకు ఏ కోర్టు ముందుకీ ఎవరూ తేలేదు.