మోడల్‌కి 12 వోల్టులు చాలు

సైన్స్ ఎక్స్‌పో వస్తోందంటే మనలో చాలామందిమి థర్మోకోల్ మోడల్‌కి సీరియల్ సెట్టు చుట్టి, ప్లగ్గు గోడ సాకెట్లో పెట్టేస్తాం. బల్బులు చిన్నవే, కానీ ఆ తీగల్లోకి వచ్చేది 230 వోల్టుల కరెంటు.

దాని బదులు 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, అడాప్టర్ వాడదాం. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ 5 మీటర్లు వేస్తే 24 వాట్లు, అంటే 2 ఆంపియర్లు. అడాప్టర్ 3 ఆంపియర్లది తీసుకుంటే అంతగా వేడెక్కదు. స్ట్రిప్‌ను గుర్తు ఉన్నచోటే కత్తిరించాలి. ప్లస్, మైనస్ తీగలు ఒకదానికొకటి తగిలితే 12 వోల్టులైనా వేడెక్కి థర్మోకోల్ అంటుకోవచ్చు. అందుకే ప్రతి అతుకుకీ ఇన్సులేషన్ టేపు తప్పనిసరి.

దయచేసి ఎలక్ట్రీషియన్‌తో చేయించి పంపకండి. ఈ లెక్క, ఈ అతుకు పిల్లలే చేయాలి, మనం పక్కన కూర్చుంటే చాలు. బహుమతి రాకపోయినా నేర్చుకున్నది పోదు.