పాట కావాలి, షాయర్ వద్దు

మొన్న పంద్రా ఆగస్టుకు మా జహీరాబాద్‌లో ఒక మైకు 'జంగ్-ఎ-ఆజాదీ' పాడింది. పిల్లలు జెండాలు ఊపారు, పెద్దలు చప్పట్లు కొట్టారు. నెల దాటగానే సెప్టెంబర్ 17న ఇంకో మైకు "అప్పట్లో తురకోళ్లంతా నిజాం దిక్కే ఉన్నరు" అని తఖ్రీర్ దంచింది. దానికీ చప్పట్లు పడ్డాయి. రెండు సభలకూ కుర్చీలు వేసింది ఒకే టెంటుహౌసు. రెండుచోట్లా ముందు వరసలో కొన్ని మొహాలు కూడా అవే.

ఆగస్టులో పాడిన పాట రాసినవాడిని సెప్టెంబర్‌లో తిడుతున్నామని ఆ మొహాలకు ఖబర్ లేదు. ఆ పాట మఖ్దూం మొహియుద్దీన్‌ది. మఖ్దూం 1908లో అందోల్‌లో పుట్టాడు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు మా సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. ఎక్కడి లక్నో షాయరో, ఢిల్లీ షాయరో కాదు, మన మట్టివాడే.

నేనూ తప్పు ఒప్పుకోవాలి. ఉర్దూ మీడియంలో చదివాను. బడిలో ఆ పాట గొంతు చించుకుని పాడాం. రాసిందెవరో ఏ ఉస్తాదూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గాలిలోంచి ఊడిపడిన పాట అనుకున్నాను. తర్వాత తెలుగు డిగ్రీలో చేరితే సాయుధ పోరాటం పాఠంలో ఆ పేరు ఒక వరసలో వచ్చి పోయింది. ఉర్దూ పాటనిచ్చి పేరు దాచింది, తెలుగు పేరునిచ్చి పాట దాచింది. రెండూ కలిపి చూసుకునేసరికి నాకు ముప్ఫై దాటాయి.

ఆ పాట ఎలాంటి దినాల నుంచి వచ్చిందో చూడండి. చిన్నప్పుడే అబ్బా పోయాడు. చిచ్చా ఇంట్లో పెరిగాడు. మసీదు ఊడ్చాడు, వజూకు నీళ్లు నింపాడు. రష్యాలో ఇన్‌ఖిలాబ్ వచ్చిందట, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారట అని ఆ చిచ్చానే చెప్పాడు. ఆకలి తెలిసిన పిల్లవాడి బుర్రలో ఆ దస్తర్‌ఖాన్ పడిందంటే ఇక లేస్తుందా? ఉస్మానియాలో చదివి, సిటీ కాలేజీలో లెక్చరర్ అయి, 1941లో ఆ నౌకరీకి ఇస్తీఫా ఇచ్చి పార్టీ పనిలోకి దిగాడు. నెల నెలా వచ్చే తనఖా వదులుకోవడం అనాథగా పెరిగినవాడికి ఎంత బరువో, మాలాంటి ఇళ్లల్లో పుట్టినవాళ్లను అడగండి.

'జంగ్-ఎ-ఆజాదీ' రెండో ప్రపంచయుద్ధం రోజుల పాట. ఇక్కడ కొంత చేదు ఉంది, మింగాలి. 1942లో కమ్యూనిస్టు పార్టీ ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధం అంది, క్విట్ ఇండియాలో కలవలేదు. ఆ హిసాబ్ ఇంకా తేలలేదు, తేల్చమని అడిగే హక్కు అందరికీ ఉంది. కానీ పాట పూర్తిగా విన్నవాడికి ఇంకో సంగతి వినిపిస్తుంది. అందులో వతన్ అంటే నక్షా కాదు. పరాయి పాలన కింద ఉన్నవాళ్లు, జుల్మ్ పడ్డవాళ్లు, దున్నేవాళ్లు, మజ్దూర్లు. అక్కడితో ఆగకుండా దిక్కులన్నీ మావే అంటుంది. అమెరికావాడినీ చైనావాడినీ కూడా 'మనం'లో కలుపుకుంటుంది. ఈ రోజుల్లో ఆ చరణం మైకులో పాడితే కిందికి దింపుతారేమో! అందుకే కాబోలు, మనవాళ్లు మొదటి చరణం దగ్గరే జెండా ఎగరేసి లడ్డూలు పంచేస్తారు.

ఇదే షాయర్ ఫౌజుకు పోయే సిపాయి మీద కూడా రాశాడు. పోతున్నవాడిని ఎక్కడికని అడిగే ఆ నజ్మ్‌ను 1960లో 'ఉస్‌నే కహా థా' సినిమాలో మన్నాడే పాడాడు. దేశభక్తి అంటే ఒకే గొంతు అనుకునేవాళ్లు ఆ రెండూ పక్కపక్కన వినాలి.

ఇప్పుడు సెప్టెంబర్ 17 దగ్గరికి వద్దాం. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద ఆయుధాలు పట్టమని పిలుపునిచ్చింది ముగ్గురు: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. మరుసటి ఏడాది సెప్టెంబర్ 16న ఇండియా ఫౌజు షోలాపూర్ సడక్ పట్టుకుని మా జహీరాబాద్ మీదుగానే హైదరాబాద్ వైపు సాగింది. అప్పుడు మాది బీదర్ జిల్లా. రజాకార్ల జుల్మ్ నిజం. ఆ తర్వాత మా ఇళ్ల మీద పడ్డ జుల్మ్ కూడా నిజం. ఆ సెప్టెంబర్ మాట వస్తే మా బుజుర్గులు గొంతు తగ్గించేవాళ్లు. మైకు మాత్రం మొదటి నిజం దగ్గరే ఆగిపోతుంది.

ఆజాదీ పాట రాసినవాడికి ఆజాదీ ఏమిచ్చింది? నిజాం రాజ్యం పోయాక కూడా అజ్ఞాతమే, 1951లో అరెస్టు. 'ఖైద్' అనే నజ్మ్ హైదరాబాద్ సెంట్రల్ జైల్లో రాసింది. 1952 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ జనం ఆయన్ని అసెంబ్లీకి పంపారు. ఉర్దూ చదవడం రాని తెలుగు రైతులు ఒక ఉర్దూ షాయర్‌కు ఓటు వేశారు. 'తురకోళ్లంతా' అన్న వక్త ముందు ఆ రైతులకు జవాబు చెప్పుకోవాలి.

ఇక్కడ షోయబుల్లా ఖాన్ పేరు, 'ఇమ్రోజ్' పత్రిక, 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని చంపడం, అన్నీ వరసగా చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఇదిగో సబూత్, అదిగో సబూత్ అని. వాట్సాప్‌లో మనవాళ్లు రోజూ చేసే పనే అది. నాకు అందులో ఇజ్జత్ కనిపించదు. ఎవడో దారోగా అడిగినట్టు అడిగితే, పోయినవాళ్ల పేర్లు కాగితాల్లా తీసి చూపించాలా? మఖ్దూం నా గవాహీ కాదు, నా షాయర్.

ఆ మాటకొస్తే మనం ఆయన్ని షాయర్‌గానైనా ఉంచుకున్నామా? ముషాయిరాల వాళ్లకు 'బాజార్' సినిమాలో వచ్చిన పూల గజల్ చాలు. దీన్‌దార్లు కమ్యూనిస్టు గదా అని మొహం తిప్పుకుంటారు. ఆయన ఖబర్ మాత్రం హజ్రత్ షా ఖామోష్ దర్గా దగ్గర ఖబర్‌స్తాన్‌లోనే ఉంది. కామ్రేడ్లు హిమాయత్‌నగర్‌లో భవనానికి పేరు పెట్టుకున్నారు, సర్కారు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టింది. ఇంత జరిగినా మా జిల్లా కుర్రవాణ్ణి అందోల్‌లో ఎవరు పుట్టారని అడగండి. నేను అడిగాను. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు.

వచ్చే సెప్టెంబర్ 17న ఏ పార్టీవాళ్లయినా సరే, నాకు పది నిమిషాలు మైకు ఇవ్వండి. పాట మొత్తం ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చదువుతాను, చైనావాడితో సహా. ఆ రోజు కుర్చీల కిరాయి నాది.